కోట వంటగదిలో శాస్త్రవేత్త: ఫ్రీడ్రిష్ మీషర్

ఈ సంచికలో ఏటేటా ఒక మహనీయుని జీవితచరిత్ర ఉంటుందన్న సంగతి పాఠకులకు తెలిసినదే. వీరేశలింగం పంతులుగారు, గురజాడ అప్పారావుగారు, త్యాగయ్యగారు, ఇటువంటి పేర్లు చూడడం మనకు అలవాటు. ఈసారి వ్రాయమని సంఘం పెద్దలు మమ్మల్ని అడిగినప్పుడు మేము ఒక స్విట్జర్లాండు దేశస్థుని పేరు చెప్పాము. వారు కాసేపు మా ముఖం చూశారు. ఆయనకూ మన తెలుగువారికీ ఏమి సంబంధమని అడిగారు. సంబంధం కొంత ఉన్నది, దాని చోట అది వస్తుంది. అంతకంటే ముందు మేము తీర్చుకోవలసిన బాకీ ఒకటి ఉన్నది.

మాది ముప్పై ఏళ్ళకు పైబడిన సైన్సు మాస్టారు ఉద్యోగం. మా తాతగారు కొబ్బరి తోటలలో పనికి బగాన్ దాతో వచ్చారు. మేము మూడవ తరం. ఇంటిలో మాట్లాడే తెలుగు ఉన్నది గాని, అక్షరాలు దిద్దుకున్నది యాభై దాటిన తరువాత, సాయంకాలపు తరగతిలో. కనుక భాషలో తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

క్లాసులో పిల్లలకు అన్నిటికంటే ఇష్టమైన ప్రయోగం పండులోనుంచి డి.ఎన్.ఏ. తీయడం. ముగ్గిన అరటిపండును మెత్తగా పిసికి, ఉప్పు, గిన్నెలు తోమే సబ్బు కలిపి, గుడ్డలో వడగట్టి, ఆ నీటి మీద చల్లటి ఆల్కహాలు మెల్లగా పోస్తే, రెండింటి మధ్య తెల్లగా దూది వంటి పోగులు తేలుతాయి. ప్రతి జీవిలోను తరతరాల పోలికలను మోసుకొని వచ్చే పదార్థం అదే. ఒక సంవత్సరం ఒక అమ్మాయి గాజు గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకొని, దీనిని మొట్టమొదట చూసినవారు ఎవరు సార్ అని అడిగింది. మేము తడుముకోకుండా వాట్సన్, క్రిక్, 1953 అని చెప్పాము. పిల్లలందరూ నోటు పుస్తకంలో వ్రాసుకున్నారు. ఆ తరువాత వచ్చిన క్లాసులన్నిటిలోను అదే చెప్పాము. అది తప్పు అని మాకు తెలిసేసరికి రిటైరు కావడానికి రెండేళ్ళే మిగిలింది. 1953లో ఆ ఇద్దరూ చెప్పినది దాని ఆకారం. పదార్థాన్ని కనుగొన్నది అంతకు 84 సంవత్సరాల ముందు, ఒక ఇరవై నాలుగేళ్ళ యువకుడు. ఆయన పేరు ఫ్రీడ్రిష్ మీషర్.

మీషర్‌గారు 1844వ సంవత్సరం ఆగస్టు 13న స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో జన్మించారు. బాసెల్ రైన్ నది ఒడ్డున ఉన్నది. ఆ నది ఈ కథలో మళ్ళీ వస్తుంది. తండ్రి వైద్యుడు, విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు. మేనమామ విల్హెల్మ్ హిస్ శరీరనిర్మాణ శాస్త్రంలో యూరపు అంతటా పేరుపొందినవారు. చదువుల ఇల్లు. కుర్రవాడు తెలివైనవాడే, కాని బిడియస్థుడు, పైగా చెవులు సరిగా వినపడవు. వైద్యం చదివి 1868లో డాక్టరు పట్టా పుచ్చుకొన్నారు. గుండె చప్పుడు, ఊపిరి చప్పుడు చెవితో విని రోగం చెప్పవలసిన వృత్తి అది. వినికిడి లేనివాడు రోగుల మధ్య ఏమి చేయగలడని ఆయన మథనపడ్డారు. (మాకు కూడా ఈ మధ్య ఎడమ చెవి మందగించింది. సాయంకాలపు తరగతిలో ముందు బెంచీలో కూర్చొంటున్నాము. ఇక్కడికి వచ్చేసరికి ఆయన మీద మాకు అభిమానం పెరిగిన మాట నిజం.) అప్పుడు మేనమామగారు దారి చూపారు. శరీరం ఎలా పెరుగుతుందన్న ప్రశ్నలకు చివరి సమాధానాలు రసాయన శాస్త్రంలోనే దొరుకుతాయని ఆయన నమ్మకం. ఆ మాట పట్టుకొని మీషర్‌గారు జర్మనీలోని ట్యూబింగెన్ వెళ్ళారు.

ట్యూబింగెన్ ఊరి మీద, కొండపైన, ఒక పాత కోట ఉన్నది. అందులో ప్రయోగశాల నడుపుతున్న పెద్దాయన ఫెలిక్స్ హోప్పె-జైలర్. రక్తానికి ఎరుపునిచ్చే పదార్థానికి హిమోగ్లోబిన్ అని పేరు పెట్టినవారు ఆయనే. శిష్యునికి ఇచ్చిన గది ఒకనాటి కోట వంటగది. రాతి గోడలు, వంపు తిరిగిన కప్పు. రాజుల కాలంలో పొయ్యిలు మండిన చోట ఇప్పుడు గాజు పాత్రలు.

కణం అంటే ఏమిటి, అది ఏ ఏ పదార్థాలతో తయారైనది అన్నది ఆయన ఎత్తుకున్న ప్రశ్న. అందుకు అన్నిటికంటే సాదాగా ఉండే కణం కావాలి. తెల్ల రక్తకణాలు తగినవని తోచింది. శరీరంలోని గ్రంథుల నుంచి తీద్దామంటే చాలినన్ని దొరకలేదు. దొరికే చోటు ఒకటి ఉన్నది: చీము.

ఈ మాట మాకు ఏ తరగతిలోను నేర్పనక్కరలేదు. తోటలో కొబ్బరికాయ ఒలిచేటప్పుడు చేయి తెగి, పుండు చీము పడితే, మా నాయనమ్మ పసుపు నూరి కట్టేది. కేంద్రకం అన్న మాటకు నిఘంటువు చూసుకోవలసి వచ్చింది గాని, చీముకు అక్కరలేదు.

ఆ రోజులలో ఆపరేషను జరిగిన పుండు చీము పట్టడం మామూలు సంగతి. దగ్గరలోని శస్త్రచికిత్సాలయం నుంచి రోగుల కట్టుగుడ్డలు కోట వంటగదికి వచ్చేవి. పారవేయవలసిన గుడ్డలు. కుళ్ళు వాసన వేసినవి మీషర్‌గారు పక్కన పడవేసి, తాజాగా ఉన్నవి మాత్రమే తీసుకొనేవారు. మొదట కణాలు పగలకుండా గుడ్డ నుంచి విడిపించాలి. ఏ ఉప్పునీటితో కడిగినా అవి ఉబ్బి జిగురులా సాగిపోయాయి. ఒకదాని తరువాత ఒకటి ప్రయత్నించగా సోడియం సల్ఫేటు కలిపిన నీరు పనికి వచ్చింది. కడిగిన నీటిని గుడ్డలో వడగట్టి దూది పోగులు తీసివేసి, ఊరికే ఉంచితే, గంట రెండు గంటలలో కణాలు అడుగుకు దిగేవి.

అలా దిగిన కణాలలో మాంసకృత్తులను పరిశీలిస్తున్నప్పుడు ఒక వింత కనపడింది. ఆమ్లం కలిపితే ఏదో తెల్లగా విరిగి కిందికి దిగుతున్నది. క్షారం కలిపితే మళ్ళీ కరిగిపోతున్నది. తెలిసిన మాంసకృత్తు ఏదీ ఇలా నడుచుకోదు. ఇది కణం మధ్యనుండే కేంద్రకంలోనుంచి వస్తున్నదేమో అని ఆయనకు అనుమానం వచ్చింది. అయితే కేంద్రకాన్ని విడిగా తీసి చూడాలి. అప్పటికి ఎవరూ ఆ పని శుభ్రంగా చేయలేదు.

ఇక్కడ మా అరటిపండు ప్రయోగం పక్కన పెట్టి చూస్తే పిల్లలకు సులువుగా అర్థమవుతుంది. కణం చుట్టూ, కేంద్రకం చుట్టూ ఉండేది కొవ్వు పొర. మేము దానిని గిన్నెల సబ్బుతో కరిగిస్తాము. ఆయన కణాలను వెచ్చని ఆల్కహాలుతో మళ్ళీ మళ్ళీ కడిగి కొవ్వు తీసివేశారు. మాంసకృత్తులను తొలగించడానికి మేము నాలుగు చుక్కల పచ్చి అనాసరసం వేస్తాము, ఎందుకంటే అనాసలో మాంసకృత్తులను జీర్ణం చేసే పదార్థం ఉన్నది. అనాస తింటే నాలుక చిమచిమలాడేది దానివలన కూడా. ఆయన అందుకు పంది కడుపు తెచ్చి, ఆమ్లంతో కడిగి, మన కడుపులో అన్నం అరిగించే పెప్సిన్ అనే పదార్థాన్ని తానే తీశారు. ఆ రసంలో కణాలను వెచ్చగా ఒక పగలూ రాత్రీ ఉంచితే చుట్టూ ఉన్నదంతా అరిగిపోయి కేంద్రకాలు మిగిలాయి. వాటికి క్షారం, తరువాత ఆమ్లం తగిలిస్తే అదే తెల్లని పదార్థం దిగింది. మేము ఒక పీరియడులో ముగించే పనికి ఆయనకు నెలలు పట్టాయి. మాకు ఏమి కలపాలో ముందే తెలుసు. ఆయన వెతుకుతున్నది అటువంటిది ఒకటి ఉన్నదని ఎవరికీ తెలియదు.

ఆ పదార్థాన్ని విడదీసి చూస్తే అందులో భాస్వరం ఎక్కువగా ఉన్నది. మాంసకృత్తులలో సాధారణంగా కనిపించే గంధకం లేదు. పెప్సిన్ దానిని అరిగించలేకపోయింది. కాబట్టి ఇది మాంసకృత్తు కాదు, కొవ్వు కాదు, వేరే జాతి. కేంద్రకాన్ని లాటిన్‌లో న్యూక్లియస్ అంటారు గనుక దానికి న్యూక్లీన్ అని పేరు పెట్టారు. 1869 ఫిబ్రవరిలో ఈ సంగతి మేనమామకు ఉత్తరం వ్రాశారు. మనం ఈనాడు డి.ఎన్.ఏ. అనే పేరులో మధ్య అక్షరం ఆ న్యూక్లీన్ నుంచి వచ్చినదే.

ఇంత పని చేసిన శిష్యునికి గురువు వెంటనే అచ్చుకు అనుమతి ఇవ్వలేదు. హోప్పె-జైలర్ జాగ్రత్త మనిషి. కొత్త జాతి పదార్థం అంటే చిన్న మాట కాదు. ఆ ప్రయోగాలన్నీ తన చేతులతో మళ్ళీ చేసి చూసిన తరువాతనే నమ్మారు. ఈలోగా ఫ్రాన్సుకూ జర్మనీకీ యుద్ధం వచ్చింది. చివరకు 1871లో ఆయన నడిపే పత్రికలోనే మీషర్ వ్యాసం, దానిని బలపరుస్తూ గురువుగారి వ్యాసం అచ్చయ్యాయి. రెండేళ్ళు ఆగిన యువకునికి అది కష్టంగానే ఉండి ఉంటుంది. మేము మాత్రం ఈ విషయంలో గురువు పక్షమే. చూడకుండా చెప్పినందువలన ఏమవుతుందో మాకు అనుభవం ఉన్నది.

అప్పటికి మీషర్‌గారు బాసెల్ తిరిగి వచ్చారు. 1872లో, 28 ఏళ్ళకే, అక్కడ శరీరధర్మ శాస్త్ర ప్రొఫెసరయ్యారు. తండ్రీ మేనమామా కొలువు చేసిన చోట కుర్రవానికి పదవి వచ్చిందంటే ఊరు ఊరుకుంటుందా? గుసగుసలు వినపడ్డాయి. ఆయన చెవులకు వినపడకపోయినా మనసుకు వినపడ్డాయి. పాఠం చెప్పడం కూడా ఆయనకు సులువుగా రాలేదు. ప్రయోగశాలకు చోటు చాలదు, సహాయకులు చాలరు. ట్యూబింగెన్ కోటను తలుచుకొని మిత్రునికి ఉత్తరంలో వాపోయారు.

అయితే బాసెల్‌లో ఒక సంపద ఉన్నది. చలికాలానికి ముందు సముద్రం నుంచి సాల్మన్ చేపలు రైన్ నదిలో ఎదురీదుకుంటూ గుడ్లు పెట్టడానికి పైకి వస్తాయి. మన పులస గోదావరిలో ఎదురీదినట్లే అనుకోవచ్చు. మగ చేప శుక్రకణంలో తల అంతా దాదాపు కేంద్రకమే, కనుక న్యూక్లీన్ తీయడానికి చీము కంటే అది ఎంతో మేలు. ఇబ్బంది ఏమిటంటే, వెచ్చదనం తగిలితే పదార్థం పాడవుతుంది. అందువలన ఆయన చలికాలంలో, తెల్లవారకముందే లేచి, పొయ్యి వెలిగించని గదిలో పని చేసేవారు. మన దేశంలో పుట్టిన పిల్లలకు ఈ చలి ఎంతటిదో చెప్పడం కష్టం. ఫ్రీజరు తలుపు తీసి దానిముందు గంటల తరబడి నిలబడి, తడి చేతులతో గాజు పాత్రలు కడిగినట్లు ఊహించుకోవాలి. మా ప్రయోగంలో ఆల్కహాలును ముందురోజు ఫ్రీజరులో పెట్టి ఉంచుతాము. చలి అవసరాన్ని మేము ఫ్రీజరుకు అప్పగించాము. ఆయన తన శరీరం మీదే వేసుకొన్నారు.

1874లో సాల్మన్ మీదా, ఇతర జంతువుల మీదా చేసిన పని అచ్చయింది. న్యూక్లీన్‌తో పాటు ఉండే మరొక పదార్థాన్ని కూడా అప్పుడే కనుగొని దానికి ప్రోటమిన్ అని పేరు పెట్టారు. ఈ కథలో మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసేది ఇక్కడే. గర్భధారణకు ఏదో ఒక్క పదార్థమే కారణమని ఎవరైనా అనుకొనేటట్లయితే, అన్నిటికంటే ముందు న్యూక్లీన్‌నే తలుచుకోవాలని ఆయనే వ్రాశారు. వ్రాసి, వెంటనే వెనుకకు తగ్గారు. చేపలోను కప్పలోను ఎద్దులోను ఒకే విధమైన పదార్థం ఉంటే, చేపకు చేప, ఎద్దుకు ఎద్దు ఎలా పుడుతున్నది? ఒకే పదార్థం ఇన్ని తేడాలను ఎలా మోస్తుంది? ఆనాటికి అది సమంజసమైన ప్రశ్నే. తలుపు ముందు నిలబడి, గొళ్ళెం మీద చేయి వేసి, ఆయన పక్క గదికి వెళ్ళిపోయారు.

మళ్ళీ 1892లో మేనమామకు వ్రాసిన ఒక ఉత్తరంలో ఆయన ఊహ ఎంత దూరం పోయిందో చూడండి. ఇరవై నాలుగు నుంచి ముప్పై అక్షరాలతో అన్ని భాషల మాటలనూ వ్రాయగలిగినట్లే, ఒక పెద్ద అణువులో భాగాల అమరిక మారుతుంటే వంశపు లక్షణాలన్నీ అందులో ఇమడవచ్చునని ఆయన ఆలోచన. కాని ఆయన మనసులో ఉన్నది మాంసకృత్తులు, న్యూక్లీన్ కాదు. అక్షరమాల ఆలోచన సరైనదే, పుస్తకమే వేరు. యాభై ఆరు అక్షరాలు నేర్చుకోవడానికి ఒక సంవత్సరం తీసుకొన్న మేము, డి.ఎన్.ఏ. నాలుగే అక్షరాలతో అరటినీ మనిషినీ వ్రాస్తుందని తలుచుకొన్నప్పుడల్లా కొంచెం సిగ్గుపడతాము.

మిగిలిన జీవితం త్వరగా చెప్పవచ్చు. 1878లో వివాహమైంది. ముహూర్తం వేళకు పెళ్ళికొడుకు రాకపోతే స్నేహితులు ప్రయోగశాలకు పోయి పట్టుకొచ్చారని ఒక కథ ఉన్నది. నదిలో నెలల తరబడి ఏమీ తినని సాల్మన్, తన కండను కరిగించి గుడ్లుగా మార్చుకొంటుందని చూపారు. ప్రభుత్వం అడిగితే జైలు ఖైదీల భోజనం చాలుతున్నదా లేదా అని లెక్కలు కట్టారు. ఇటువంటి పనులు తన కాలాన్ని తినివేస్తున్నాయని విసుక్కున్నారు కూడా. మన ఊపిరి వేగాన్ని నడిపేది రక్తంలోని బొగ్గుపులుసు వాయువు అని 1885లో తెలియజేశారు. అదే సంవత్సరం బాసెల్‌లో ఆయన ఆధ్వర్యంలో వెసాలియానుం అనే శాస్త్రసంస్థ తెరుచుకొన్నది. పని, పని, నిద్ర తక్కువ. తరువాత క్షయ పట్టుకొన్నది. కొండలలోని డావోస్ అనే ఊరికి చికిత్సకు వెళ్ళి, 1895 ఆగస్టు 26న, 51 ఏళ్ళకు అక్కడే కన్నుమూశారు. చేసిన పని అంతా సగంలో ఉండిపోయిందనే బాధతోనే పోయారు. రెండేళ్ళకు మేనమామ హిస్, మేనల్లుని వ్రాతలన్నీ కూర్చి అచ్చు వేయించారు.

ఆయన కన్నుమూసిన నాటికి భీమవరంలో ఏడు నెలల పసివాడు ఒకడు ఉన్నాడు. 1895 జనవరి 12న పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. ఇదే మేము ముందు చెప్పిన సంబంధం. సుబ్బారావుగారు అమెరికాలో హార్వర్డ్ చేరి, ఫిస్కె అనే ఆచార్యునితో కలిసి 1925లో రక్తంలోను, కణజాలంలోను భాస్వరం ఎంత ఉన్నదో రంగును బట్టి కొలిచే పద్ధతిని ప్రకటించారు. న్యూక్లీన్ వేరే జాతి అని మీషర్‌కు చెప్పినది ఏ భాస్వరమో, దానినే సులువుగా కొలవడానికి దారి వేసినవాడు మన భీమవరం బిడ్డ. ఫిస్కె–సుబ్బారావు పద్ధతి అని ఆ తరువాత దశాబ్దాల పాటు ప్రపంచమంతా ప్రయోగశాలలలో వాడారు. ఇద్దరూ ఒకరినొకరు ఎరుగరు. ఎరిగే వీలు లేదు.

న్యూక్లీన్ కథ మీషర్‌తో ఆగలేదు. 1889లో రిచర్డ్ ఆల్ట్‌మాన్ దానిని ఇంకా శుభ్రపరచి న్యూక్లిక్ ఆమ్లం అన్నారు. హోప్పె-జైలర్ శిష్యుడే అయిన ఆల్‌బ్రెహ్ట్ కోసెల్ అందులోని భాగాలను విడదీసి, 1910లో నోబెల్ బహుమానం పొందారు. వంశ లక్షణాలను మోసేది మాంసకృత్తు కాదు, డి.ఎన్.ఏ. అని న్యూయార్కులో ఏవరీ, మెక్‌లాయిడ్, మెకార్టీ 1944లో చూపారు. మీషర్ పుట్టి సరిగా నూరేళ్ళు. రోజాలిండ్ ఫ్రాంక్లిన్ తీయించిన ఎక్స్‌రే చిత్రాల ఆధారం కూడా చేరి, 1953లో వాట్సన్, క్రిక్ దాని మెలి తిరిగిన నిచ్చెన ఆకారం చెప్పారు. ఆయన సాల్మన్ నుంచి తీసిన న్యూక్లీన్ ఉన్న ఒక గాజు గొట్టం, చేతివ్రాత చీటీతో, ట్యూబింగెన్‌లో ఇంకా ఉన్నది. కోట వంటగది ఇప్పుడు ప్రదర్శనశాల.

పిల్లలున్న ఇళ్ళలో ఈ సెలవులలో ప్రయోగం చేయదలచినవారికి రెండు మాటలు. బాగా ముగ్గిన అరటిపండు సగం చాలు. పిసాంగ్ బెరంగాన్ అయినా, పిసాంగ్ ఎమాస్ అయినా ఒకటే. అర కప్పు నీళ్ళలో అర టీస్పూను ఉప్పు, రెండు టీస్పూన్ల గిన్నెల సబ్బు కలిపి, పిసికిన పండు అందులో వేసి, నురుగు రాకుండా మెల్లగా తిప్పి పది నిమిషాలు ఉంచాలి. కాఫీ వడపోసే గుడ్డ సంచీ ఇంటిలో ఉంటే అదే వడకట్టుకు మేలు. అనాసరసం తాజాది కావాలి. డబ్బాలోది వేడికి చచ్చి ఉంటుంది, పని చేయదు. మందుల షాపులో దొరికే ఆల్కహాలు తొంభై శాతానికి తక్కువ కాకుండా చూసుకొని, ఫ్రీజరులో చల్లబరచి, గాజు గ్లాసు అంచు వెంబడి జారవిడవాలి. పొయ్యి దగ్గర వద్దు, అంటుకొంటుంది. పెద్దవారు పక్కన ఉండాలి. ఎవరూ నోటిలో పెట్టుకోరాదు. పది నిమిషాలలో తెల్లని పోగులు తేలుతాయి. పుల్లతో చుట్టి పైకి తీయవచ్చు. అది ఒక్క డి.ఎన్.ఏ. పోగు కాదు, కోట్ల కోట్ల పోగులు కలిసిన ముద్ద; పండు జిగురు కూడా కొంత అంటుకొని ఉంటుంది. ఈ సంగతి పిల్లలకు దాచకుండా చెప్పండి.

ఆ రోజు ప్రశ్న అడిగిన అమ్మాయి ఇప్పుడు తన కొడుకును మా సాయంకాలపు తరగతికి తీసుకొని వస్తున్నది. మొన్న ఆమెకు విషయం చెప్పి క్షమాపణ చెప్పుకొన్నాము. ఆమె నవ్వి, ఆ నోటు పుస్తకం ఎప్పుడో పోయింది సార్ అన్నది. కాని అందరివీ పోయి ఉండవు. మా వద్ద చదువుకొన్నవారి చేతికి ఈ సంచిక వస్తే, పాత పుస్తకం ఉన్నవారు ఆ పేజీ తీసి, వాట్సన్, క్రిక్ అన్న వరుసకు పైన ఇంకొక వరుస చేర్చవలసిందిగా మనవి: ఫ్రీడ్రిష్ మీషర్, ట్యూబింగెన్, 1869.